మతగురువుల రాజకీయ ప్రసంగాలు: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

గౌతమికీ వశిష్ఠకూ మధ్య ఉన్న ఊళ్ళలో గుడి మైకు చర్చికీ, చర్చి మైకు గుడికీ వినిపిస్తాయి. ఒక వేదిక మీద పక్క మతం వారిని అన్న మాట ఆ రాత్రే, అనిపించుకున్నవారి ఇంటి అరుగు మీద పడుతుంది. మర్నాడు వాళ్ళూ వీళ్ళూ ఒకే రేవులో పంటు ఎక్కాలి, ఒకే చేపల చెరువు మీద కూలికి వెళ్ళాలి. అందుకే ఈ విషయంలో ఇక్కడివాళ్ళు అడిగే ప్రశ్నలు టీవీ చర్చల్లో వినిపించే వాటిలా ఉండవు. ‘ఆయన అన్నది తప్పా కాదా’ అని కాక, ‘ఇప్పుడు మేం ఏం చేయాలి’ అని అడుగుతారు. కింద మతగురువు అన్నచోటల్లా స్వామీజీ, పాస్టరు, బిషప్, ఇమాం, మౌల్వీ, ప్రవచనకర్త అందరూ అందులో ఉన్నట్టే. చట్టం వీరిలో ఎవరినీ విడిగా చూడదు.

మతగురువు రాజకీయాలు మాట్లాడటమే తప్పా?

తప్పు కాదు. కాషాయం కట్టినా, తెల్ల అంగీ తొడిగినా ఆయన పౌరుడే, ఓటరే. తనకు నచ్చిన పార్టీ ఏదో చెప్పవచ్చు, ప్రభుత్వాన్ని తిట్టవచ్చు, పాతికేళ్ళు నిండి ఉంటే తానే అసెంబ్లీకో లోక్‌సభకో పోటీ చేయవచ్చు. గోరఖ్‌పూర్ మఠాధిపతి యోగి ఆదిత్యనాథ్ 2017 నుంచి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్నారు. మన దగ్గర క్రైస్తవ ప్రచారకుడు కె.ఎ. పాల్ సొంత పార్టీ పెట్టి 2019లో నరసాపురం లోక్‌సభ స్థానానికి నిలబడ్డారు. ‘సాములోరికి రాజకీయాలెందుకు’ అనడం ఒక అభిప్రాయం, అందులో కొంత న్యాయం కూడా ఉండవచ్చు. అయితే అది చట్టం చెప్పే మాట కాదు.

మరి గీత ఎక్కడ దాటినట్టు?

దీనికి సుప్రీంకోర్టు 1959లోనే ఒక సమాధానం చెప్పింది. రాందయాళ్, సంత్‌లాల్ మధ్య నడిచిన ఆ కేసు అప్పటి పంజాబ్‌లోని సిర్సా నియోజకవర్గానిది. అక్కడ నామ్‌ధారీ శాఖకు చెందిన సిక్కుల గురువు తన అనుయాయులంతా ఫలానా అభ్యర్థికే ఓటు వేయాలని ఆజ్ఞాపించినట్టు పోస్టర్లు వెలిశాయి. గెలిచిన అభ్యర్థి ఎన్నిక రద్దయింది. మతగురువు తనకు ఏ అభ్యర్థి మంచివాడనిపిస్తున్నాడో చెప్పవచ్చని, తన పలుకుబడిని వాడుకోవడం కూడా తప్పు కాదని కోర్టు ఒప్పుకుంది. అయితే ఆ మాట సలహాగా మిగలక, కాదంటే పాపం అంటుకుంటుందన్న భయం పుట్టించే ఆజ్ఞగా మారినప్పుడు భక్తుడికి సొంతంగా ఎంచుకునే అవకాశం మిగలదని, అదే అనుచిత ప్రభావమని తేల్చింది.

అరవై ఏళ్ళు దాటినా ఆ తూకం పనికొస్తూనే ఉంది. ‘ఈ అబ్బాయి మంచివాడు, చూడండి’ అని గురువు అంటే అది సలహా. ‘ఇది నా మాట కాదు, దేవుడి మాట’ అన్నాక ఎదురు చెప్పగల భక్తుడు ఎవరుంటారు? ప్రసంగం విన్నప్పుడు ముందుగా పట్టుకోవలసింది ఈ తేడానే. గొంతు పెద్దదా చిన్నదా, భాష గ్రాంథికమా పచ్చి వాడుకా అన్నవి తరువాతి సంగతులు.

‘ఫలానా పార్టీకి వేయకపోతే అమ్మవారు ఊరుకోదు’ అని సభలో అన్నారు. దీనికి శిక్ష ఉందా?

ఉంది. దేవుడి ఆగ్రహానికో మతపరమైన వెలికో గురవుతారని ఓటరును నమ్మించే ప్రయత్నం ఎన్నికల నేరమని, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్ పేరుపెట్టి మరీ చెబుతోంది. 174వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడవచ్చు. అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ, వారి సమ్మతితో వేరొకరు గానీ ఆ పని చేసినట్టు రుజువైతే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123(2) ప్రకారం అది అవినీతి చర్య కూడా అవుతుంది. అప్పుడు గెలిచిన ఎన్నికే పోతుంది.

ఇక్కడ ఇంకొక అలవాటు గురించి చెప్పాలి. ఓటుకు డబ్బు ఇస్తూ పసుపు కుంకుమ మీదనో, దేవుడి పటం మీదనో, బైబిలు మీదనో చేయి వేయించి ఒట్టు పెట్టించుకోవడం డెల్టాలో అందరికీ తెలిసిన సంగతే. ‘ఒట్టు తప్పితే నాకు కీడు జరుగుతుందా’ అని పెద్దవాళ్ళు నిజంగానే భయపడి అడుగుతారు. దేవుడి సంగతి వారి వారి నమ్మకానికే వదిలేద్దాం. చట్టం దృష్టిలో మాత్రం డబ్బు ఇవ్వడం లంచం, ఒట్టు పెట్టించడం దేవుడి పేరుతో భయపెట్టడం. అలా పెట్టించిన ఒట్టుకు విలువ లేదు, ఓటు ఎవరికి వేశారో తెలుసుకునే దారి ఎవరికీ లేదు.

మతం పేరు చెప్పి ఓటు అడగకూడదంటారు. అది ఎవరి మతం?

ఈ ఒక్క మాట మీదే ఏడుగురు న్యాయమూర్తులు కూర్చోవలసి వచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3)లో ‘అతని మతం’ అని ఉంది. ఆ ‘అతడు’ అభ్యర్థి మాత్రమేనా, ఓటరు కూడానా అన్నది ప్రశ్న. అభిరామ్ సింగ్ కేసులో 2017 జనవరి 2న సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు మరొకవైపుగా విడిపోయి, అభ్యర్థి మతమైనా, ఏజెంటు మతమైనా, ఓటరు మతమైనా ఆ పేరుతో ఓటు అడగకూడదని తీర్పు చెప్పింది. కులానికీ, జాతికీ, సముదాయానికీ, భాషకూ ఇదే వర్తిస్తుంది. మతం వల్లనో కులం వల్లనో అన్యాయానికి గురైన ప్రజలు తమ బాధను ఎన్నికల వేదిక మీద చెప్పుకోవడం కూడా ఇందులో కొట్టుకుపోతుందని విభేదించిన ముగ్గురూ అభ్యంతరం చెప్పారు. కోనసీమ పేటల్లో నివసించేవారికి ఆ అభ్యంతరంలోని బరువు వెంటనే తెలుస్తుంది. అమలులో ఉన్నది మాత్రం మెజారిటీ తీర్పే.

ఆయన పోటీలో లేరు కదా, ఆయన మాటకు అభ్యర్థి ఎలా బాధ్యుడు?

సమ్మతి ఉంటే బాధ్యుడే. 1987లో ముంబయిలోని విలేపార్లే ఉప ఎన్నికలో శివసేన అభ్యర్థి రమేశ్ ప్రభు తరఫున బాల్ ఠాక్రే చేసిన ప్రసంగాల కారణంగా ఆ ఎన్నిక రద్దయింది. 1995 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఠాక్రే మతగురువు కాదు, ఆ ఎన్నికలో అభ్యర్థీ కాదు. అయినా అవినీతి చర్యకు పాల్పడినవారిలో ఆయన పేరు చేరింది. ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని రాష్ట్రపతి 1999లో ఇచ్చిన ఉత్తర్వుతో, తీర్పు నాటి నుంచి ఆరేళ్ళ పాటు ఆయనకు ఓటు హక్కే లేకుండా పోయింది. వేదిక మీద స్వామీజీ మాట్లాడుతుండగా పక్కన చేతులు కట్టుకుని నిలబడి, తలూపి, తరువాత ఆయన కాళ్ళకు మొక్కిన అభ్యర్థి ‘నాకేం తెలుసు’ అంటే కోర్టులో నిలవడం కష్టం.

ఇలాంటి ఎన్నికల పిటిషన్‌ను ఫలితం వెలువడిన 45 రోజుల్లోగా హైకోర్టులో వేయాలి. ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా వేయవచ్చు. గడువు దాటాక ఎంత బలమైన సాక్ష్యం ఉన్నా పిటిషన్ చెల్లదు.

రెచ్చగొట్టే ప్రసంగం అంటే చట్టంలో అర్థం ఏమిటి?

‘ద్వేష ప్రసంగం’ అన్న పేరుతో మన శిక్షాస్మృతిలో నిర్వచనం లేదు. ప్రత్యేకంగా సెక్షన్లు చేర్చాలని లా కమిషన్ 2017లో తన 267వ నివేదికలో సూచించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన న్యాయ సంహితలో కూడా ఆ పేరు చేరలేదు. అందుచేత ఉన్న సెక్షన్లతోనే పని నడుస్తోంది. మతం, కులం, భాష, పుట్టిన ప్రాంతం వంటి కారణాలతో వర్గాల మధ్య శత్రుత్వం పెంచితే 196వ సెక్షన్ వర్తిస్తుంది, దానికి మూడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. అదే మాట ప్రార్థన స్థలంలో గానీ, పూజకోసం చేరిన జనం మధ్య గానీ అంటే శిక్ష అయిదేళ్ళ దాకా వెళుతుంది. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో ఒక వర్గం మతభావాలను అవమానిస్తే 299, పుకార్లతో జనాన్ని భయపెట్టి ఒక వర్గం మీదికి ఉసిగొల్పితే 353. పాత శిక్షాస్మృతిలో ఇవి 153ఎ, 295ఎ, 505గా ఉండేవి. స్టేషన్లలో ఇప్పటికీ పాత నంబర్లతోనే మాట్లాడుకుంటారు, కంగారు పడవద్దు.

ప్రార్థన స్థలంలో అంటే శిక్ష ఎక్కువ ఎందుకని కొందరు ఆశ్చర్యపోతారు. పూజకు వచ్చినవాడు వాదించడానికి సిద్ధపడి రాడు, చేతులు జోడించి వస్తాడు. ఆ స్థితిలో చెవిలో పడినది ఏదైనా లోపలికి దిగిపోతుంది. శాసనం రాసినవారికి ఈ సంగతి తెలుసనిపిస్తుంది.

పక్క మతం సిద్ధాంతాన్ని విమర్శించినా నేరమేనా?

విమర్శ నేరం కాదు. విగ్రహారాధన తప్పనో, త్రిత్వం తర్కానికి నిలవదనో, ఫలానా ఆచారం అన్యాయమనో వాదించుకోవడం ఈ నేల మీద కొత్త కాదు. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లిషువాళ్ళు ఇక్కడికి వచ్చి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టిన నాటి నుంచీ సంతల్లో, రేవుల్లో మతం గురించి వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. సిద్ధాంతాన్ని వదిలి మనుషుల మీదికి వెళ్ళినప్పుడు సమస్య మొదలవుతుంది. ‘వాళ్ళ నమ్మకం తప్పు’ అంటే వాదం. ‘వాళ్ళు ఊళ్ళో ఉండకూడదు, వాళ్ళ కొట్లో కొనకండి, వాళ్ళకు ఇల్లు అద్దెకివ్వకండి’ అంటే వాదం ముగిసి, పొరుగువాడి పొయ్యి ఆర్పే పని మొదలైనట్టే.

ఏ మాటనైనా ఎవరి చెవితో విని కొలవాలన్నదీ కోర్టులు చెప్పాయి. ప్రతి చిన్న మాటకూ నొచ్చుకునేవాడి చెవితో కాదు, స్థిరచిత్తం, ధైర్యం ఉన్న సామాన్యుడి చెవితో వినాలి. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే మళ్ళీ గుర్తుచేసింది.

ఇక్కడ మతం మాట కులం గొడవగా ఎందుకు మారుతుంది?

డెల్టాలో క్రైస్తవ సంఘాల్లో చేరినవారిలో దళిత కుటుంబాలు ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవంలోకి మారినవారికి ఆ హోదా లేదు. అమలాపురం లోక్‌సభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినది. కాబట్టి ఇక్కడ ఒక స్వామీజీ ‘మతం మారినవాళ్ళ సర్టిఫికెట్లు తీసేయాలి’ అన్నా, ఒక పాస్టరు దానికి అంతే కటువుగా బదులిచ్చినా, వినేవాడికి అది పరలోకం గురించిన మాటగా వినిపించదు. పిల్లవాడి కాలేజీ సీటు, ఇంటి స్థలం, కుల ధ్రువపత్రం కళ్ళముందు ఆడతాయి. విధానం మీద చర్చగా చెప్పుకోదగిన విషయమే వేదిక మీద బెదిరింపుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. బయటి ఊరి నుంచి గంటసేపటి ప్రసంగానికి వచ్చిన వక్తకు ఈ లోతు తెలియకపోవచ్చు. పిలిచినవారికి మాత్రం తెలుసు, చాలాసార్లు తెలిసే పిలుస్తారు.

2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చే విషయంలో అమలాపురంలో జరిగింది కులానికి సంబంధించిన గొడవ, మతానికి సంబంధించినది కాదు. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి, చాలా రోజులు ఇంటర్నెట్ ఆగిపోయింది. పోగైన కోపం ఈ ప్రాంతంలో ఎంత వేగంగా వీధికెక్కుతుందో అప్పుడు అందరూ చూశారు.

అంతర్వేది రథం కాలినప్పుడు ఏం జరిగింది?

2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి వారి పాత టేకు రథం షెడ్డులోనే కాలిపోయింది. కారణం తేలకముందే ఎవరు చేశారన్నది నాలుకల మీద తేలిపోయింది. వివిధ సంస్థల వారు, పార్టీల వారు అంతర్వేదికి కదిలారు, నిరసనలు జరిగాయి, దగ్గరలోని చర్చి మీద రాళ్ళు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. ప్రభుత్వం సీబీఐ విచారణ కోరింది. కొత్త రథం తయారై 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమి నాడు కదిలింది.

రథం కాలడం భక్తులకు నిజమైన దుఃఖం, అందులో సందేహం లేదు. ఆ దుఃఖాన్ని ఓదార్చవలసిన స్థానంలో ఉన్నవారు దానికి ఒక శత్రువును చూపించి పంపితే ఎవరికి లాభమో, రాయి తగిలిన కిటికీ వెనుక ఎవరున్నారో ఆలోచించినవారు ఆ వారంలో తక్కువ. విచారణ నివేదిక వచ్చేదాకా నోరు కట్టుకోమని చెప్పగల మాటబలం ఆ సమయంలో రాజకీయ నాయకుడి కంటే మతగురువుకే ఎక్కువ ఉంటుంది.

పోలీసులు ఒక స్వామీజీని ఊరి నుంచి పంపించివేయవచ్చా?

అలా జరిగింది, అది నిలవలేదు. కాకినాడ శ్రీపీఠం స్థాపించిన స్వామి పరిపూర్ణానందను 2018 జూలైలో హైదరాబాద్ పోలీసులు, అంతకుముందు చేసిన ప్రసంగాలను కారణంగా చూపి, ఆరు నెలల పాటు నగరంలోకి రావద్దని బహిష్కరించారు. దానికి రెండు రోజుల ముందే రాముడి మీద వ్యాఖ్యలకుగాను ఒక సినీ విమర్శకుణ్ణి కూడా అలాగే పంపించారు. ఆగస్టులో హైకోర్టు స్వామీజీ బహిష్కరణను నిలిపివేసింది. అక్టోబరులో ఆయన భారతీయ జనతా పార్టీలో చేరారు.

ఈ వరుసను గమనించాలి. ప్రసంగంలో నేరం ఉంటే కేసు పెట్టి కోర్టులో రుజువు చేయడం ఒక దారి. మనిషినే సరిహద్దు దాటించడం అడ్డదారి. ఆ అడ్డదారి వల్ల పోలీసులకు ఒక నెల ప్రశాంతత దక్కిందేమో గానీ, స్వామీజీకి మాత్రం అంతకుముందు లేని రాజకీయ బలం వచ్చింది. నగరం వద్దన్న మనిషికి స్వాగత సభలు ఎదురొచ్చాయి.

గుడిలోనో చర్చిలోనో పార్టీ సభ పెట్టవచ్చా?

పెట్టకూడదు. స్వర్ణదేవాలయం పరిణామాల నేపథ్యంలో 1988లో వచ్చిన మతసంస్థల దుర్వినియోగ నివారణ చట్టం ఇందుకోసమే. ప్రార్థన స్థలాన్ని గానీ, దాని నిధులను గానీ, దాని పేరుతో జరిగే ఉత్సవం, ఊరేగింపు, సభలను గానీ రాజకీయ కార్యకలాపాలకు వాడకూడదు. అయిదేళ్ళ వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. శిక్ష పడితే ఎన్నికల్లో పోటీకి కూడా అనర్హత వస్తుంది. ఎన్నికల ప్రవర్తన నియమావళి కూడా ప్రార్థన స్థలాలను ప్రచార వేదికలు చేయవద్దనే చెబుతుంది. నాయకుడు దర్శనానికి వచ్చి దండం పెట్టుకుని వెళితే తప్పు లేదు. ధ్వజస్తంభం దగ్గర మైకు అందుకుంటే తప్పు. ఉత్సవ కమిటీ వారు, సంఘ పెద్దలు ఈ చట్టాన్ని ఒకసారి చదివించుకుని వినడం మంచిది, ఎందుకంటే బాధ్యత నిర్వాహకుల మీద కూడా పడుతుంది.

ప్రసంగం మీద ఫిర్యాదు చేయాలంటే ఏం కావాలి?

అన్నిటికంటే ముందు పూర్తి రికార్డింగు కావాలి. అరనిమిషం ముక్క చాలదు. ముందు ఏమన్నారు, తరువాత ఏమన్నారు అన్నది వినకుండా ఏ కోర్టూ తేల్చదు. ముక్క మాత్రమే ఇస్తే, ‘కత్తిరించి అతికించారు’ అన్న ఒక్క మాటతో అవతలి వకీలు పని ముగిస్తాడు. ఏ ఫోనులో తీశారో ఆ ఫోనును, అసలు ఫైలును అలాగే ఉంచాలి. వాట్సాప్‌లో చేతులు మారిన నకలు సాక్ష్యంగా బలహీనం. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి, వకీలు దగ్గర దాని నమూనా దొరుకుతుంది.

తరువాత కాగితం. ఏ ఊరు, ఏ వేదిక, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎవరు ఏర్పాటు చేశారు, మైకు అనుమతి ఎవరి పేరున ఉంది అన్నవి రాయాలి. అభ్యంతరకరమైన మాటను ఉన్నదున్నట్టు రాయాలి. ‘చాలా దారుణంగా మాట్లాడారు’ అని రాస్తే ఉపయోగం లేదు, అన్న మాట ఏదో అదే కావాలి. విన్న ఇద్దరు ముగ్గురి పేర్లు చేర్చాలి, వారిలో ఒకరైనా వక్త మతానికే చెందినవారైతే ఫిర్యాదుకు వచ్చే బలం వేరు. ఇలాంటి సాక్షులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వారిని అడగడానికే మనం మొహమాటపడతాం.

స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి. ఎన్నికల సమయమైతే ఎన్నికల సంఘం వారి సీవిజిల్ యాప్‌లో ఫొటోనో వీడియోనో పెట్టవచ్చు, వంద నిమిషాల్లో స్పందించాలన్నది దాని పద్ధతి. 1950 నంబరుకు ఫోను కూడా చేయవచ్చు.

మూకుమ్మడిగా ఫిర్యాదులిచ్చినా వెంటనే అరెస్టు ఎందుకు చేయరు?

పలుకుబడి చూసి వెనకాడటం కొంత ఉంటుంది, కాదనలేం. కానీ చట్టంలోనే కొన్ని మెట్లున్నాయి. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో మామూలుగా ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడగల నేరాల్లో, డీఎస్పీ అనుమతితో పధ్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ జరపవచ్చు. మాటలకు సంబంధించిన నేరాల్లో అలా చేయడమే ఉచితమని సుప్రీంకోర్టు పైన చెప్పిన 2025 తీర్పులో అంది. ఆ తరువాత 196, 299 వంటి సెక్షన్లలో కోర్టు కేసును విచారణకు స్వీకరించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్వామీజీ ఆశీస్సులు ఏ ప్రభుత్వానికి ఉన్నాయో ఆ ప్రభుత్వమే అనుమతి ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ నమోదుకు మాత్రం ఈ అనుమతి అక్కర్లేదు, స్టేషన్‌లో అలా చెబితే నమ్మవద్దు.

ద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా పోలీసులే కేసు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మూడు రాష్ట్రాలకు, 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకు ఆదేశమిచ్చింది. వక్త మతం చూడవద్దని కూడా అందులో ఉంది.

కేసు పెట్టాక ఎంతకాలం పడుతుందో ముందే తెలుసుకుని దిగాలి. 2012 డిసెంబరులో నిర్మల్, నిజామాబాద్‌లలో అక్బరుద్దీన్ ఒవైసీ చేసిన ప్రసంగాల కేసుల్లో తీర్పు 2022 ఏప్రిల్‌లో వచ్చింది. సాక్ష్యం చాలలేదని ఆయన నిర్దోషిగా బయటికి వచ్చారు. రికార్డింగు గురించి ఇందాక అంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఎన్నికల సంఘం ఏమీ చేయలేదా?

కొంత చేయగలదు. 2019 ఏప్రిల్ 15న మతపరమైన వ్యాఖ్యలకు యోగి ఆదిత్యనాథ్‌ను 72 గంటలు, మాయావతిని 48 గంటలు ప్రచారానికి దూరంగా ఉంచింది. ఆ ఉదయం సుప్రీంకోర్టు ‘మీ అధికారాలేమిటి’ అని అడిగాకే ఈ ఉత్తర్వులు వచ్చాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

గురువు చెబితే నిజంగా ఓట్లు పడతాయా?

నాయకులు నమ్మినంతగా పడవు. నరసాపురంలో పాల్‌గారి సభలకు జనం వచ్చారు, డిపాజిట్టు మాత్రం రాలేదు. క్రైస్తవులు గణనీయంగా ఉన్న స్థానంలోనే అలా జరిగింది. ఢిల్లీ జామా మసీదు ఇమాం 1977లో జనతాకు, 1980లో కాంగ్రెస్‌కు మద్దతిచ్చారు. రెండుసార్లూ గాలి ఎటు వీస్తే ఆయన మాట అటే ఉంది. గాలిని ఇమాం తిప్పారా, గాలే ఇమాంను తిప్పిందా అన్నది చెప్పడం కష్టం.

మరి నాయకులెందుకు పీఠాల చుట్టూ తిరుగుతారు? ఓట్ల కంటే ఎక్కువగా వారికి కావలసింది ఒక ఫొటో. ‘నేను మీ మతానికి వ్యతిరేకిని కాదు’ అన్న కవచం ఆ ఫొటో. గురువుకు కావలసింది దానికి బదులుగా వచ్చే గౌరవం, కాన్వాయ్, కొన్నిసార్లు భూమి. విశాఖ శారదా పీఠానికి 2021లో భీమిలి దగ్గర పదిహేను ఎకరాలు ఎకరా లక్ష రూపాయల లెక్కన కేటాయించారు, ప్రభుత్వం మారాక 2024లో ఆ కేటాయింపు రద్దయింది. ప్రభుత్వం ఇచ్చిన పలుకుబడిని ప్రభుత్వమే తీసుకుపోగలదని దీన్నిబట్టి తెలుస్తుంది. గురువు కోపంగా మాట్లాడే కొద్దీ ఆయన బలం పెరుగుతోందని మనకు అనిపిస్తుంది గానీ, చాలాసార్లు ఆ బలం ముందు వరుస కుర్చీల్లో కూర్చున్నవారు అప్పిచ్చినది.

ఆ వీడియోను గ్రూపులో పంపితే నేను కూడా బాధ్యుణ్ణా?

శత్రుత్వం పెంచే ఉద్దేశంతో పంపితే మీరూ బాధ్యులే, 196వ సెక్షన్‌లో ఎలక్ట్రానిక్ సమాచారం కూడా ఉంది. ‘చూడండి ఎంత ఘోరమో’ అని ఖండిస్తూ పంపినా, అది పదిమంది చేతులు మారాక మీ ఖండన రాలిపోయి వీడియో ఒక్కటే మిగులుతుంది. ఫిర్యాదుకు కావాలంటే దాచుకోండి, పంచకండి. ఎవరో పెట్టిన పోస్టుకు కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యత రాదని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి.

పంచాయతీ ఎన్నికలకు కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

దేవుడి పేరుతో భయపెట్టడం గురించిన న్యాయ సంహిత సెక్షన్లు సర్పంచి ఎన్నికకూ వర్తిస్తాయి. ఫిర్యాదు రాష్ట్ర ఎన్నికల సంఘానికి వెళుతుంది.

మా సొంత గురువే ఇలా మాట్లాడుతున్నారు. ఏం చేయాలి?

అందరిలోకీ కష్టమైన స్థానం మీదే, అందరిలోకీ ఎక్కువ ఫలితం రాబట్టగలిగేదీ మీరే. పక్క మతంవాడు అభ్యంతరం చెబితే ఆయనకు అది ఇంకొక ప్రసంగానికి ముడిసరుకు. సభ ఖర్చుకు చందా ఇచ్చే మనిషి, ఏటా భోజనాలు పెట్టే కుటుంబం నెమ్మదిగా వెళ్ళి, ‘అయ్యా, మీరు వెళ్ళిపోతారు, మేం వాళ్ళతో కలిసి బతకాలి’ అని చెబితే వినే అవకాశం ఎక్కువ. వక్తను పిలిచే ముందే కమిటీలో ఎవరిని పిలుస్తున్నాం, ఏం మాట్లాడమంటున్నాం అని అడిగి, ఆ సంగతి మినిట్స్‌లో రాయించడం ఇంకా మంచిది. బయటి వక్తలను పిలవకుండానే ఏటా కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల ప్రభలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

గురువును విమర్శించినందుకు నా మీదే మతభావాల కేసు పెడితే?

గురువును విమర్శించడం మతాన్ని అవమానించడం కాదు. 299కి మూలమైన 295ఎ సెక్షన్‌ను 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు సమర్థిస్తూనే, బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానించడం ఒక్కటే అందులోకి వస్తుందని, అనుకోకుండానో అజాగ్రత్త వల్లనో జరిగినది రాదని చెప్పింది. ఆయన రాజకీయ ప్రసంగానికి మీరిచ్చింది రాజకీయ జవాబు అయితే అందులో దేవుడి ప్రసక్తే రాకుండా చూసుకోండి. ఆయన అన్న మాట, తేదీ, మీ అభ్యంతరం, ఈ మూడే రాయండి. నోటీసు వస్తే భయపడి పోస్టు చెరిపేయకండి, దాన్ని అలాగే ఉంచి నోటీసుతో సహా వకీలు దగ్గరికి వెళ్ళండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే మండల న్యాయసేవా కమిటీని అడగండి, తాలూకా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.